భారీ లారీలలో మాన్యువల్, ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ల ఎంపిక

సరుకు రవాణాకు వాడే భారీ లారీలలో ఇంజను శక్తిని చక్రాలకు అందించే గేరు వ్యవస్థను ట్రాన్స్‌మిషను అంటారు. డ్రైవరు తానే క్లచ్చి తొక్కి, గేరు రాడ్డు కదిపి గేరు మార్చేది మాన్యువల్ ట్రాన్స్‌మిషను. ఆ పనిని యంత్రమే చేసుకొనేది ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషను. ఈ రెండింటిలో ఏది మేలు అన్న ప్రశ్నకు అన్ని లారీలకూ వర్తించే ఒకే జవాబు లేదు. బండి ఏ నేలపై తిరుగుతుంది, ఎంత బరువు మోస్తుంది, రోజుకు ఎన్నిసార్లు ఆగి కదులుతుంది, చెడిపోతే ఎవరు బాగు చేస్తారు అన్న విషయాలను బట్టి జవాబు మారుతుంది. కర్నూలు జిల్లా పశ్చిమ భాగమైన తుగ్గలి, పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో ఈ తేడాలన్నీ కొద్ది దూరంలోనే కనిపిస్తాయి కనుక ఈ వ్యాసంలో ఉదాహరణలను ఎక్కువగా అక్కడి నుండే తీసుకున్నాము.

పశ్చిమ కర్నూలులో లారీల పని

తుగ్గలి పత్తికొండ సమీపంలో ఉన్న మండల కేంద్రం. గుంతకల్లు - డోన్ రైలు మార్గంలో ఇక్కడ స్టేషను ఉన్నది. తొలకరి వానలు పడగానే వజ్రాల కోసం జనం పొలాలలో వెదికే ప్రాంతంగా పత్రికలలో ఈ పేరు ఏటా వినిపిస్తుంది. ఇదే మండలంలో అశోకుని శాసనాలు గల ఎర్రగుడి, బంగారు గని గల జొన్నగిరి ఉన్నాయి. ఆదోని పత్తి మార్కెట్టుకు, జిన్నింగు మిల్లులకు ప్రసిద్ధి. పత్తికొండ టమాటాకు పేరు పొందినది. తూర్పున బేతంచెర్ల వైపు నుండి నాపరాళ్ళు, పడమట బళ్ళారి వైపు నుండి ఇనుప ఖనిజం రవాణా అవుతాయి. హైదరాబాదు - బెంగళూరు 44వ జాతీయ రహదారి కర్నూలు, డోన్, గుత్తి మీదుగా పోతుంది. 167వ జాతీయ రహదారి ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయాలను కలుపుతుంది.

అందువలన ఇక్కడి లారీల పని ఒకే రకమైనది కాదు. విడి పత్తి వేసుకొని వచ్చే లారీ చూడడానికి కొండలా ఉంటుంది కాని బరువు తక్కువ. దానికి గాలి అడ్డు, పైకి పెరిగిన ఎత్తు సమస్యలే తప్ప ఇంజనుకు పెద్ద భారం ఉండదు. అదే లారీలో నాపరాళ్ళు వేస్తే అడుగు భాగం నిండకముందే చట్టబద్ధమైన బరువు పూర్తవుతుంది. టమాటా లారీకి సమయమే ముఖ్యం. క్వారీ టిప్పరు రోజంతా కొద్ది కిలోమీటర్లలోనే నిండుగా ఎక్కి, ఖాళీగా దిగుతూ ఉంటుంది. "లారీకి ఏ గేరు బాక్సు మంచిది" అని అడిగే ముందు ఏ లారీకి అని అడగవలసి ఉంటుంది.

లారీకి అన్ని గేర్లు ఎందుకు

డీజిలు ఇంజను అన్ని వేగాలలోనూ ఒకే బలంతో పనిచేయదు. భారీ లారీ ఇంజను నిమిషానికి సుమారు 1,000 నుండి 2,500 చుట్ల మధ్య మాత్రమే ఉపయోగపడుతుంది. అందులోనూ డీజిలు ఆదా అయ్యే భాగం ఇంకా ఇరుకైనది. కాని బండి మాత్రం గంటకు 5 కిలోమీటర్ల నుండి 80 కిలోమీటర్ల దాకా, అంటే పదహారు రెట్ల తేడాతో నడవాలి. ఈ అంతరాన్ని గేర్లు పూడుస్తాయి. ఒక్కొక్క గేరుకు మధ్య 30 శాతం తేడా మాత్రమే ఉండాలంటే పదహారు రెట్ల పరిధిని కప్పడానికి సుమారు పన్నెండు గేర్లు కావాలి. కారుకు ఐదు సరిపోయి, లారీకి తొమ్మిది, పన్నెండు, పదహారు గేర్లు ఉండడానికి కారణం ఇదే.

ఒక లెక్క చూద్దాం. మొత్తం 28 టన్నుల బరువున్న పది చక్రాల లారీ మంచి తారు రోడ్డుపై సమతలంగా పోతున్నప్పుడు టైర్ల వలన కలిగే నిరోధం సుమారు 220 కిలోల బలానికి సమానం. గంటకు 60 కిలోమీటర్ల వేగానికి, గాలి అడ్డుతో కలిపి, 70 అశ్వశక్తి సరిపోతుంది. ఇప్పుడు 20 అడుగులకు ఒక అడుగు లేచే ఎత్తు వచ్చిందనుకుందాం. బరువులో ఇరవయ్యో వంతు, అంటే 1,400 కిలోల బలం అదనంగా కావాలి. మొత్తం 1,620 కిలోలు. అదే 60 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే దాదాపు 360 అశ్వశక్తి అవసరం. 230 అశ్వశక్తి ఇంజను ఎంత చేసినా 38 కిలోమీటర్లకు మించి లాగలేదు. గేర్లలోని నష్టాలు కలిపితే ఇంకా తక్కువ. కనుక లారీ వేగం తగ్గుతూ ఉండగా డ్రైవరు రెండు మూడు గేర్లు దించక తప్పదు. ప్రతిసారీ క్లచ్చి తొక్కిన క్షణంలో చక్రాలకు శక్తి అందదు, ఆ క్షణంలోనే ఎత్తు బండిని మరింత వెనక్కు లాగుతుంది. గేరు మార్చడం ఆలస్యమైతే ఇంకో గేరు దించవలసి వస్తుంది. లారీ నడపడంలోని నేర్పు చాలావరకు ఇక్కడే ఉన్నది.

వాన పడిన నల్లరేగడి నేల విషయం కూడా ఇలాంటిదే. టైరు కొద్దిగా దిగబడే నేలపై నిరోధం బరువులో ఇరవయ్యో వంతును సులభంగా మించుతుంది. అంటే ఆదోని ప్రాంతంలో పొలం బాట చదునుగా కనిపిస్తున్నా లారీ దృష్టిలో అది ఘాటు రోడ్డే.

భారతీయ లారీల విషయంలో మరొక సంగతి గమనించాలి. టాటా లారీల నమూనా సంఖ్యలో మొదటి రెండంకెలు మొత్తం బరువును టన్నులలోను, చివరి రెండంకెలు ఇంజను శక్తిని పదుల అశ్వశక్తిలోను సుమారుగా సూచిస్తాయి. 1613 అంటే 16 టన్నులు, 130 అశ్వశక్తి. అంటే టన్నుకు 8. తరువాత వచ్చిన 2515లో టన్నుకు 6, 3118లో 5.8, 4923 ట్రాక్టరులో 4.7 మాత్రమే. లారీలు పెద్దవయ్యాయి కాని బరువుతో సమానంగా ఇంజన్లు పెరగలేదు. ఐరోపాలో 40 టన్నుల లారీకి 450 అశ్వశక్తికి మించిన ఇంజను సాధారణం, అంటే టన్నుకు 11కు పైనే. 2018 జూలైలో కేంద్ర ప్రభుత్వం ఇరుసు భార పరిమితులను పెంచి మూడు ఇరుసుల లారీకి 25 టన్నుల నుండి 28.5 టన్నులకు, అతి పెద్ద ట్రాక్టరు ట్రైలరుకు 49 టన్నుల నుండి 55 టన్నులకు అనుమతించింది. 55 టన్నులకు 300 అశ్వశక్తి ఇచ్చినా టన్నుకు 5.5 లోపే. శక్తి తక్కువగా ఉన్న బండికి సరైన గేరు విలువ ఎక్కువ. అందుచేత ఐరోపా అనుభవాన్ని యథాతథంగా ఇక్కడికి తెచ్చుకోవడం సరికాదు.

మాన్యువల్ ట్రాన్స్‌మిషను

పళ్ళచక్రాలను జరిపి ఒకదానితో ఒకటి కలిపే పద్ధతిని 1890లలో ఫ్రాన్సులో పనార్డ్, లెవస్సార్ మోటారు వాహనాలలో ప్రవేశపెట్టారు. ఈ పాత పద్ధతిలో వేర్వేరు వేగాలతో తిరిగే చక్రాలను కలపాలి కనుక గేరు కరకరమని అరిచేది. తరువాతి కాన్‌స్టంట్ మెష్ పద్ధతిలో పళ్ళచక్రాలు ఎప్పుడూ కలిసే ఉంటాయి. వాటిని షాఫ్టుకు బిగించే కాలరు మాత్రమే కదులుతుంది. అయినా వేగాలు సమానం కావడం డ్రైవరు బాధ్యతే. అందుకోసం ఒకసారి క్లచ్చి తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్చి వదిలి, గేరు దించేటప్పుడైతే కొంచెం రేసు ఇచ్చి, మళ్ళీ క్లచ్చి తొక్కి గేరు వేస్తారు. దీనినే డబుల్ క్లచ్చి అంటారు. 1928లో అమెరికాలో కాడిలాక్ కార్లలో వచ్చిన సింక్రోమెష్ పద్ధతి ఈ పనిని చిన్న శంకువు ఆకారపు ఘర్షణ పట్టీలకు అప్పగించింది. తరువాత లారీలకూ అది వ్యాపించింది.

తొమ్మిది గేర్ల లారీలో గేరు రాడ్డు తొమ్మిది చోట్లకు పోదు. నాలుగు గేర్లు గల పెట్టె వెనుక రెండు స్థాయిల మరో చిన్న పెట్టె ఉంటుంది. నాలుగు రెళ్ళు ఎనిమిది, దానికి తోడు పాకుడు వేగానికి ఒకటి. రాడ్డు మీది మీట లేదా రాడ్డును పక్కకు తట్టడం ద్వారా గాలి పీడనంతో స్థాయి మారుతుంది. కొత్తగా ఐదు గేర్ల లారీ నుండి దీనికి మారిన డ్రైవర్లు మొదటి రోజులలో స్థాయి మరచి ఎనిమిదికి బదులు నాలుగు వేయడం తెలిసిన పొరపాటే. అది జరిగితే ఇంజను వేగం హద్దు దాటి వాల్వులు దెబ్బతినే ప్రమాదం ఉన్నది. ఆటోమేటిక్ యంత్రాలలో ఇలాంటి గేరును కంప్యూటరు అంగీకరించదు.

మాన్యువల్ పెట్టెకు గల బలం దాని సరళత్వం. నష్టం తక్కువ, ధర తక్కువ, విడిభాగాలు ప్రతి పట్టణంలో దొరుకుతాయి. క్లచ్చి ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మార్చడం తెలిసిన మెకానిక్కులు చిన్న షెడ్లలో కూడా ఉంటారు. బలహీనత ఏమిటంటే అది పూర్తిగా డ్రైవరు కాలి మీద, చెవి మీద ఆధారపడుతుంది. ఒకే లారీ ఒకరి చేతిలో ఏళ్ళ తరబడి ఒకే క్లచ్చి ప్లేటుతో నడిస్తే, హాఫ్ క్లచ్చి అలవాటున్న మరొకరి చేతిలో నెలలకే కాలిపోవచ్చును.

"ఆటోమేటిక్" అనే మాటకు రెండు అర్థాలు

ఈ విషయంలో వచ్చే గందరగోళం చాలావరకు పేరు వలన వస్తుంది. ఆటోమేటిక్ అని పిలిచే రెండు యంత్రాలు నిర్మాణంలో పూర్తిగా వేరు.

మొదటిది టార్క్ కన్వర్టరు గల పూర్తి ఆటోమేటిక్. ఇందులో క్లచ్చి ప్లేటు బదులు నూనెతో నిండిన ఒక గుండ్రని పాత్ర ఉంటుంది. ఇంజను తిప్పే రెక్కలు నూనెను విసురుతాయి, ఆ నూనె ఎదుటి రెక్కలను తిప్పుతుంది. జర్మనీ ఇంజనీరు హెర్మాన్ ఫోటింగర్ 1905లో ఓడల కోసం దీనికి పేటెంటు పొందాడు. 1939లో జనరల్ మోటార్స్ విడుదల చేసిన హైడ్రామాటిక్ కార్లలో విస్తారంగా అమ్ముడుపోయిన తొలి పూర్తి ఆటోమేటిక్. అందులోనూ ఇంజను శక్తిని అందించడంలో నూనెకు పాత్ర ఉండేది. టార్క్ కన్వర్టరుకు ఒక గొప్ప గుణం ఉన్నది. బండి కదలని స్థితిలో ఇంజను తిప్పుడు బలాన్ని అది దాదాపు రెట్టింపు చేస్తుంది. పైగా గేరు మారేటప్పుడు శక్తి తెగదు. అందుకే గనులలో తిరిగే పెద్ద డంపర్లలో, అగ్నిమాపక వాహనాలలో, నగరపు చెత్త లారీలలో దీనిని వాడుతారు. బీఈఎంఎల్ సంస్థ మైసూరులో తయారుచేసే గని డంపర్లు ఈ కోవకు చెందినవే. లారీలకు ఈ రకం పెట్టెలు చేసే అమెరికా సంస్థ ఆలిసన్‌కు చెన్నై సమీపంలో కర్మాగారం ఉన్నది. లోపం: నూనెలో జారుడు వలన కొంత శక్తి వేడిగా పోతుంది. వేగం అందుకున్న తరువాత రెండు వైపులను బిగించే లాకప్ క్లచ్చి దీనిని చాలావరకు తగ్గిస్తుంది, కాని నిత్యం ఆగి కదిలే పనిలో జారుడు మిగిలే ఉంటుంది. ధర కూడా ఎక్కువ.

రెండవది ఆటోమేటెడ్ మాన్యువల్, పొడి అక్షరాలలో ఏఎంటీ. దీని లోపల ఉన్నది మామూలు మాన్యువల్ పెట్టే. క్లచ్చి ప్లేటు కూడా అదే. తొక్కే కాలు, కదిపే చేయి స్థానంలో గాలి పీడనంతో గాని, విద్యుత్తుతో గాని పనిచేసే సిలిండర్లు ఉంటాయి. కంప్యూటరు ఇంజను వేగం, బండి వేగం, యాక్సిలరేటరు స్థితి, వాలు చూసి గేరు నిర్ణయిస్తుంది. జర్మనీకి చెందిన జెడ్ఎఫ్ సంస్థ ఏఎస్ ట్రానిక్, వోల్వో 2001లో తెచ్చిన ఐ-షిఫ్ట్ ఈ తరగతిలో పేరుపొందినవి. ఐరోపాలో దూర ప్రయాణ లారీలలో ఇప్పుడు క్లచ్చి పెడలు దాదాపు అదృశ్యమైనది. డీజిలు విషయంలో ఇది మాన్యువల్‌తో సమానం, ఎందుకంటే జారే నూనె లేదు. కాని మాన్యువల్‌కు ఉన్న బలహీనత కూడా దీనికి ఉన్నది: గేరు మారే క్షణంలో శక్తి తెగుతుంది, నిదానంగా పాకుతున్నప్పుడు క్లచ్చి కాలుతుంది. వోల్వో 2014లో రెండు క్లచ్చీల పెట్టెను భారీ లారీలలో ప్రవేశపెట్టి శక్తి తెగే లోపాన్ని తొలగించినది గాని, ఖర్చు వలన అది ఎంపిక చేసిన నమూనాలకే పరిమితమైనది.

షోరూములో "ఆటోమేటిక్" అన్నప్పుడు ఈ రెండింటిలో ఏది అన్నది అడిగి తెలుసుకోవాలి. గని డంపరును చూసి ముచ్చటపడి ఏఎంటీ టిప్పరు కొన్నవారు అదే పనితీరును ఆశిస్తే నిరాశ తప్పదు.

భారతదేశంలో పరిణామం

1950లలో టాటా సంస్థ డైమ్లర్-బెంజ్ సహకారంతోను, అశోక్ లేలాండ్ బ్రిటిషు లేలాండ్ సహకారంతోను లారీల తయారీ చేపట్టాయి. ఆ తరువాత కొన్ని దశాబ్దాలు ఐదు గేర్ల మాన్యువల్ లారీయే దేశపు సరుకును మోసినది. 1998లో బెంగళూరు వద్ద హోస్కోటెలో వోల్వో కర్మాగారం ప్రారంభమైనది. 2012లో చెన్నై వద్ద ఒరగడంలో తయారైన భారత్‌బెంజ్ లారీలు విపణిలోకి వచ్చాయి. 2010 దశకంలో దేశీయ సంస్థలు కూడా ఏఎంటీ అమర్చిన బస్సులను, లారీలను విడుదల చేయసాగాయి. రాయలసీమ వారికి ఈ యంత్రం తొలి పరిచయం బహుశా లారీలో కాక, హైదరాబాదు - బెంగళూరు మార్గంలో రాత్రిపూట తిరిగే బహుళ ఇరుసుల బస్సులలో జరిగి ఉంటుంది.

ఈ మార్పుకు తోడ్పడినది ఉద్గార నిబంధనలు. 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన భారత్ స్టేజ్-6 నిబంధనల నాటికి ప్రతి కొత్త లారీ ఇంజను కంప్యూటరు అదుపులోకి వచ్చింది. ఇంజనుకు కంప్యూటరు, చక్రాలకు వేగ సూచికలు ఎలాగూ ఉన్నప్పుడు గేరు పెట్టెకు మరో కంప్యూటరు జోడించడం కష్టమైన పని కాదు. "ఆటోమేటిక్ అయితే ఎలక్ట్రానిక్స్ చెడిపోతాయి, మాన్యువల్ అయితే ఆ బాధ లేదు" అనే పాత వాదన అందువలన సగం బలం కోల్పోయింది. నేటి మాన్యువల్ లారీ కూడా సెన్సారు చెడితే రోడ్డు పక్కన ఆగుతుంది.

ఎంపికలో చూడవలసిన విషయాలు

అన్నిటికంటే ముందు చూడవలసినది గంటకు ఎన్నిసార్లు గేరు మారుతుంది అన్నది. కర్నూలు నుండి బెంగళూరుకు 44వ రహదారిపై పోయే లారీ పై గేరులో గంటల తరబడి నడుస్తుంది. అక్కడ ఏఎంటీ వలన మిగిలే శ్రమ తక్కువ. లాభం వేరే చోట ఉన్నది. అలసిన డ్రైవరు తెల్లవారుజామున గేరు దించకుండా ఇంజనును మూలిగించి లాగుతాడు, లేదా అనవసరంగా రేసు ఇస్తాడు. యంత్రం అలసిపోదు. మంచి డ్రైవరును ఏఎంటీ డీజిలులో ఓడించలేకపోవచ్చును గాని, పదిమంది డ్రైవర్లున్న యజమానికి అందరినీ దాదాపు ఒకే స్థాయికి తెస్తుంది. సొంత లారీని తానే నడుపుకొనే వ్యక్తికి ఈ లాభం దాదాపు లేదు. పెద్ద రవాణా సంస్థలు ఏఎంటీ వైపు, ఫైనాన్సు కంతులు కట్టుకొంటూ ఒక్క బండి నడుపుకొనేవారు మాన్యువల్ వైపు మొగ్గడంలో ఈ లెక్క ఉన్నది. అది వెనుకబాటుతనం కాదు.

క్వారీ, గని పనిలో లెక్క తారుమారవుతుంది. రాయి నింపుకొని గుంతలోంచి పైకెక్కే టిప్పరు ప్రతి విడతలో డజను సార్లు పైగా గేరు మార్చవచ్చును. రోజుకు ఇరవై విడతలైతే ఎడమ కాలు క్లచ్చిని వందల సార్లు తొక్కుతుంది. ఇది మోకాలికి, నడుముకు భారం. మధ్య వయసు దాటిన డ్రైవర్లు టిప్పరు పని మానుకోవడానికి ఇదొక కారణం. ఇక్కడ శ్రమ తగ్గించే ప్రతి యంత్రానికీ విలువ ఉన్నది. వాలు నిటారుగా, నేల వదులుగా ఉంటే శక్తి తెగని టార్క్ కన్వర్టరు పెట్టె ధరకు తగిన పని చేస్తుంది. దారి చదును చేసి గట్టిగా ఉంచిన క్వారీలో ఏఎంటీ చాలు.

పొలం బాటలో ఏఎంటీని తనంతట తాను గేరు మార్చుకోనివ్వడం ప్రమాదం. తడి రేగడిలో బండి ఊపు మీద పోతున్నప్పుడు కంప్యూటరు గేరు మార్చబోతే ఆ అర సెకనులో ఊపు పోయి బండి కూరుకుపోతుంది. అనుభవమున్న మాన్యువల్ డ్రైవరు మడుగుకు ముందే రెండో గేరు వేసి, దాటే వరకు రాడ్డు ముట్టుకోడు. ఏఎంటీ లారీలో కూడా చేయవలసినది అదే: ముందుగా మాన్యువల్ స్థితికి మార్చి, గేరును నిలిపి ఉంచాలి. అన్ని ఏఎంటీ లారీలకూ ఈ వీలు ఉంటుంది, వాడుక తెలియకపోవడమే చిక్కు. కొన్న రోజున షోరూము ఆవరణలో ఖాళీ బండితో ఇచ్చే పావుగంట శిక్షణ దీనికి సరిపోదు.

మార్కెట్టు యార్డు వరుసలలో అడుగడుగుగా కదలడం మరో పరీక్ష. పత్తి సీజనులో ఆదోనిలో లారీలు బారులు తీరి ఉంటాయి. పెడలు లేదు కనుక క్లచ్చి లేదనుకొని, యాక్సిలరేటరును కొద్దిగా నొక్కి బండిని పాకించడం, ఎత్తు మీద బ్రేకు బదులు యాక్సిలరేటరుతో నిలపడం ఏఎంటీకి శత్రువులు. లోపల క్లచ్చి ప్లేటు జారుతూ కాలిపోతుంది. ముందు బండి కొంత దూరం పోయేదాకా ఆగి, ఒక్కసారిగా కదిలి ఆపడం మేలు. టార్క్ కన్వర్టరు పెట్టెకు ఈ బాధ లేదు.

మరమ్మతు విషయంలో దూరం ముఖ్యం. విజయవాడ ఆటోనగర్ వంటి చోట ఏ పెట్టెనైనా విప్పి చూపగలవారు దొరుకుతారు. తుగ్గలి వద్ద ఏఎంటీ లారీ ఆగిపోతే, లోపం చిన్న వైరు తెగడమే అయినా, అది ఎక్కడో చెప్పడానికి కంపెనీ కంప్యూటరు కావాలి. బ్యాటరీ పూర్తిగా దిగిపోయినా, గాలి ట్యాంకు ఖాళీ అయినా గేరు పడదు. మాన్యువల్ లారీని తోసి స్టార్టు చేసినట్లు దీనిని చేయలేరు. టమాటా లోడుతో నిలిచిన లారీకి ఒక రోజు ఆలస్యం అంటే సరుకు మొత్తం పోవడమే. కొనే ముందు గేరు పెట్టె ధర కంటే, సమీపంలోని అధీకృత వర్క్‌షాపు ఎన్ని కిలోమీటర్లు, అక్కడి మనిషి రాత్రి వస్తాడా అన్నది కనుక్కోవడం ఎక్కువ ఉపయోగకరం.

వాలు దిగడం, న్యూట్రల్ అలవాటు

ట్రాన్స్‌మిషను గురించి చర్చ అంతా ఎక్కడం గురించే జరుగుతుంది. ప్రాణాలు పోయేది మాత్రం దిగేటప్పుడు. 28 టన్నుల లారీ 200 మీటర్ల ఎత్తు దిగితే సుమారు 15 యూనిట్ల విద్యుత్తుకు సమానమైన శక్తి ఎక్కడో ఖర్చు కావాలి. అదంతా బ్రేకు డ్రమ్ముల మీద పడితే అవి కాగి, పట్టు కోల్పోతాయి. నంద్యాల - గిద్దలూరు మధ్య నల్లమల ఘాటులోను, ఆత్మకూరు - దోర్నాల దారిలోను లారీలను తక్కువ గేరులో దింపవలసిన కారణం ఇది. గేరులో ఉన్న ఇంజను, ఎగ్జాస్టు బ్రేకు కలిసి బండిని పట్టి ఉంచుతాయి. కాలి బ్రేకు అప్పుడప్పుడే వాడాలి.

"ఎక్కిన గేరులోనే దిగాలి" అనేది పాత డ్రైవర్ల సూత్రం. 130 అశ్వశక్తి కాలంలో అది సరిగ్గా సరిపోయేది. ఇప్పటి ఇంజను అదే ఎత్తును ఒకటి రెండు పై గేర్లలో ఎక్కేస్తుంది, కాని దిగేటప్పుడు బరువు ఎంత ఉన్నదో అంతే ఉంటుంది. కనుక నేడు ఎక్కిన గేరు కంటే ఒక గేరు తక్కువలో దిగడం క్షేమం.

దీనికి పూర్తిగా విరుద్ధమైనది న్యూట్రల్‌లో దిగడం. డీజిలు మిగులుతుందని గేరు తీసేసి, కొందరు ఇంజను కూడా ఆపి బండిని వాలులో వదులుతారు. ఇంజను ఆగితే గాలి కంప్రెసరు ఆగుతుంది; నాలుగైదు సార్లు బ్రేకు తొక్కగానే ట్యాంకులోని గాలి తగ్గిపోతుంది. పవర్ స్టీరింగు బరువెక్కుతుంది. గేరు పెట్టెలో నూనె చిమ్మే కింది షాఫ్టు తిరగదు కనుక బేరింగులు ఎండిపోతాయి. వేగం పెరిగిన తరువాత గేరు వేయబోతే పడదు. పైగా ఆశించిన ఆదా కూడా లేదు. నేటి ఎలక్ట్రానిక్ డీజిలు ఇంజను గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలితే డీజిలు సరఫరా పూర్తిగా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజను ఆగకుండా ఉండడానికి డీజిలు కావాలి.

విచిత్రమేమిటంటే కొన్ని ఆధునిక ఏఎంటీలు స్వల్పమైన వాలులో తామే న్యూట్రల్‌కు పోతాయి. దీనిని ఎకో-రోల్ అంటారు. బండిని గేరులో ఉంచితే ఇంజను నిరోధం వలన వేగం తగ్గి, మళ్ళీ డీజిలు పోయవలసి వచ్చే చోట అది లాభమే. డ్రైవర్ల పాత అలవాటులో ఉన్న కొద్దిపాటి నిజం ఇదే. తేడా ఏమిటంటే ఇంజను తిరుగుతూనే ఉంటుంది, వాలు పెరిగినా, బ్రేకు తాకినా ఆ క్షణంలోనే యంత్రం గేరు వేస్తుంది. లోడు లారీలో మనిషి చేతికి ఆ వేగం లేదు.

ఏఎంటీ ఉన్నంత మాత్రాన ఘాటులో నిశ్చింత అనుకోరాదు. ఎగ్జాస్టు బ్రేకు వేయకుండా వదిలితే కొన్ని పెట్టెలు వేగం పెరుగుతున్నదని పై గేరుకు పోవచ్చును. వాలు మొదలు కాకముందే మాన్యువల్ స్థితికి తెచ్చి, తక్కువ గేరును నిలపాలి. టార్క్ కన్వర్టరు పెట్టెలలో లాకప్ విడిపోతే ఇంజను పట్టు బాగా తగ్గుతుంది, కనుక వాటికి నూనెతో పనిచేసే రిటార్డరును జోడిస్తారు. ఘాటు పనికి రిటార్డరు లేని పూర్తి ఆటోమేటిక్ తీసుకోవడం తగదు.

డ్రైవరు, లైసెన్సు

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం రవాణా వాహనం నడపడానికి కనీసం 20 ఏళ్ళు నిండి ఉండాలి, తేలికపాటి వాహన లైసెన్సు పొంది ఏడాది గడిచి ఉండాలి. ఆటోమేటిక్ లారీకి మన దేశంలో వేరే భారీ వాహన లైసెన్సు లేదు. అమెరికాలో ఆటోమేటిక్ బండిపై పరీక్ష ఇచ్చినవారి వాణిజ్య లైసెన్సుపై మాన్యువల్ నడపరాదని గుర్తు వేస్తారు. ఉద్యోగం కోసం విదేశం పోదలచిన లారీ డ్రైవరుకు అందువలన మాన్యువల్ నేర్పు ఇప్పటికీ ఆస్తియే.

క్లీనరుగా చేరి, యార్డులో బండి ముందుకు వెనుకకు జరుపుతూ, ఖాళీ బండిపై గేర్లు నేర్చి డ్రైవరు కావడం ఇక్కడి పాత దారి. ఇప్పుడు క్లీనరు లేకుండా నడిచే లారీలు పెరగడంతో ఆ బడి మూతపడుతున్నది. కొత్త డ్రైవర్లు దొరకక బండ్లు నిలిచే పరిస్థితిలో ఏఎంటీ ఉపయోగపడుతుంది. నేర్చుకొనే కాలంలో సగం గేరు పెట్టెకే పోతుంది కనుక. అయితే అది తగ్గించేది గేరు నేర్పు మాత్రమే. ట్రైలరు వెనుకకు తిప్పడం, వాలును ముందే అంచనా వేయడం, బ్రేకు వేడిని పసిగట్టడం ఏ పెట్టె ఉన్నా నేర్చుకోవలసినవే.

పాత బండి కొనేటప్పుడు

సెకండు హ్యాండు మాన్యువల్ లారీని లోడుతో ఎత్తు ఎక్కించి చూస్తే క్లచ్చి జారుడు, గేరు జారి న్యూట్రల్‌కు పడిపోవడం, బేరింగు చప్పుడు తెలిసిపోతాయి. ఏఎంటీ లారీలో ఇది చాలదు. కంపెనీ వర్క్‌షాపులో కంప్యూటరు తగిలించి క్లచ్చి అరుగుదలను, నమోదైన లోపాలను చదివించాలి. గాలి పైపులలో తేమ చేరిందేమో, డ్రయ్యరు సకాలంలో మార్చారో లేదో చూడాలి, ఎందుకంటే గేరు సిలిండర్లను నడిపేది చాలా బండ్లలో ఆ గాలియే. టార్క్ కన్వర్టరు పెట్టెలో నూనె రంగు, వాసన చూడాలి; నల్లబడి మాడు వాసన వస్తే లోపలి క్లచ్చీలు కాలినట్లు.

ఏ రకం పెట్టె ఉన్న లారీనైనా చెడిపోయి లాక్కుపోవలసి వస్తే వెనుక చక్రాలు నేలపై తిరుగుతుండగా ఎక్కువ దూరం లాగరాదు. ఇంజను ఆగి ఉన్నప్పుడు గేరు పెట్టెలోకి నూనె చేరదు. ముందుగా ప్రొపెల్లర్ షాఫ్టును, లేదా వెనుక ఇరుసు షాఫ్టులను విప్పి పక్కన కట్టి, ఆ తరువాతే తాడు వేయాలి.